రాయబారంలో వినేవాడు

గోదావరి జిల్లాల్లో బడి వార్షికోత్సవం అంటే ఏకపాత్రాభినయం ఉండి తీరాలి. ఏకపాత్రాభినయం అంటే మయసభలో దుర్యోధనుడే. అట్టకిరీటం, కాటుకతో దిద్దిన మీసం, బంగారు రంగు కాగితం అంటించిన గద. ధర్మరాజు వేషం వేస్తానని ముందుకొచ్చిన కుర్రాణ్ణి నేనింతవరకూ చూడలేదు. లక్కయింటికి నిప్పు పెట్టించినవాడు, నిండుసభలో వదినను ఈడ్పించినవాడు మన పిల్లాడికి ఎందుకింత ముద్దొచ్చాడని ముందు వరసలో కూర్చున్న తాతగారు కూడా అడగరు. పైపెచ్చు చప్పట్లు మొదలుపెట్టేది ఆయనే.

ఇందులో సినిమాల వాటా పెద్దదే. కానీ సినిమా పుట్టకముందే ఈ పని మొదలుపెట్టినవాళ్ళు ఇద్దరున్నారు. దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920)ది భీమవరం దగ్గర యండగండి. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870–1950)ది కడియం. కడియెద్దలో చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి దగ్గర చదువుకునేటప్పుడు జతకట్టి, తిరుపతి వేంకట కవులై, శతావధానాలతో ఆంధ్రదేశమంతా తిరిగారు. పండితులకు మీసాలేమిటని జనం నొసలు చిట్లిస్తే, తప్పని తెలిసే పెంచామని, మమ్మల్ని ఓడించినవాడొస్తే తీసేస్తామని పద్యంలోనే సవాలు విసిరారు. కొప్పరపు కవులతో వీళ్ళ తగవు సాహిత్య చరిత్రలో ఒక అధ్యాయం. అభిమానధనుడంటే ఎవడో వీళ్ళు పుస్తకాల్లో వెతకనక్కర్లేదన్నమాట.

వీళ్ళు భారతకథను ఆరు నాటకాలుగా రాశారు. ఆరింట్లో జనం నెత్తిన పెట్టుకున్నవి రెండే, పాండవోద్యోగం, పాండవవిజయం. ఈ రెండూ కలిపి వేస్తే కురుక్షేత్రం. శ్రీరామనవమి పందిళ్ళ నుంచి రాజమండ్రి ఆనం కళాకేంద్రం దాకా నూరేళ్ళకు పైబడి ఆడుతున్నాయి. కృష్ణుడి పద్యాల కోసం ఆడుతున్నాయని అందరూ అంటారు, నిజమే. అయితే ఆ పద్యాలు ఎవరి ఎదుట నిలబడి పాడుతున్నాడో కాస్త చూడండి. కవుల చెయ్యి ఎంత నేర్పుగా పడిందో అక్కడ తెలుస్తుంది.

మన చారిత్రక నాటకాలకు ప్రతినాయకుడితో ఎప్పుడూ ఇబ్బందే. బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24న జరిగింది. దాని మీద వేదం వేంకటరాయశాస్త్రి ఒక నాటకం రాశారు, రాజమండ్రిలో శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రిగారు ఇంకొకటి రాశారు. 1964లో సినిమా వచ్చింది. అందులో ప్రతినాయకుడైన పూసపాటి విజయరామరాజు అనగానే మనకు ఇప్పటికీ రాజనాల కళ్ళే గుర్తొస్తాయి. పక్క సంస్థానంతో సరిహద్దు తగువులున్న, ఫ్రెంచివాళ్ళ సాయం లేకపోతే నెగ్గుకురాలేని ఒక రాజు లెక్కలూ భయాలూ ఏమై ఉంటాయని మనం అడగం. బొబ్బిలి కథ మనకు కన్నీళ్ళ కథ. కన్నీళ్ళకు ఎదుటిపక్షం వాదన పనికిరాదు. ఇతిహాసం దగ్గరికొచ్చేసరికి మాత్రం వ్యాసుడు ముందే తూకం వేసి పెట్టాడు. ఆ తూకాన్ని పాడుచెయ్యకుండా రంగస్థలం మీదికి ఎక్కించడమే వీళ్ళు చేసిన పని. అదేం చిన్న పని కాదు.

పడకసీను చూడండి. యుద్ధంలో సాయం అడగడానికి దుర్యోధనుడూ అర్జునుడూ ద్వారకకు వచ్చారు. ముందొచ్చినవాడు దుర్యోధనుడు. కృష్ణుడు నిద్ర నటిస్తున్నాడు. దుర్యోధనుడు తలవైపు కూర్చున్నాడు, అర్జునుడు కాళ్ళవైపు. లేచీ లేవగానే కృష్ణుడు కుశలప్రశ్నలు వేస్తాడు. దుర్యోధనుణ్ణి బావా అని పిలిచి, తమ్ముళ్ళు, కొడుకులు, చుట్టాలు, కర్ణుడు, మన్నీలు, భీష్ముడు, ద్రోణాదులు అందరూ బాగున్నారా అని పేరుపేరునా అడుగుతాడు. పైకి పెళ్ళిపందిట్లో బావగార్ని అడిగే మాటలే. లోపల చూస్తే అది కౌరవసేన హాజరుపట్టీ. ఎదుటివాడి బలం మొత్తం వాడి నోటితోనే క్షేమమని చెప్పించుకుంటున్నాడు.

అర్జునుణ్ణి పలకరించే పద్యం ఇంకొకటి. అన్నలూ తమ్ములూ కులాసాయేనా అని అడిగి, చివర ఇంకో ప్రశ్న చేర్చాడు. భీముడు అన్నగారి ఆజ్ఞకు లోబడి శాంతంగా ఉంటున్నాడా అని. అడిగింది అర్జునుణ్ణి, వినాల్సింది పక్కనున్నవాడు. గొలుసు కట్టిన మృగం ఒకటుంది సుమా, గొలుసు ఇంకా ధర్మరాజు చేతిలోనే ఉందా అని మర్యాదగా వాకబు చేశాడు. బెదిరింపు అనడానికి ఒక్క మాట దొరకదు. ఈ రెండు పద్యాలూ పక్కపక్కన వినండి. దూతపని ఇంకా మొదలే కాలేదు, దుర్యోధనుడి మీద అప్పుడే రెండు దెబ్బలు పడ్డాయి. అతనికి ఆ సంగతి తెలీదు.

ఇక్కడ న్యాయం ఎవరిదని అడిగితే నేను దుర్యోధనుడిదే అంటాను. ముందొచ్చినవాడికి ముందు అవకాశమన్నది రేషను కొట్టు దగ్గర కూడా చెల్లే ధర్మం. నువ్వు ముందొచ్చావు కానీ నేను ముందు చూసింది అతణ్ణి అని కృష్ణుడు తీర్పు చెబుతాడు. కళ్ళు మూసుకున్నది ఎవరు? ఎటు తెరవాలో ఎంచుకున్నది ఎవరు? దుర్యోధనుడు ఈ ప్రశ్న వేసి రభస చేస్తే నాటకం అక్కడే తెగిపోయేది. అతను వేయడు. పదికోట్ల గోపాలుర సేన దక్కింది, ఆయుధం పట్టని మనిషి అవతలివాడికి పోయాడు, మంచి బేరం కుదిరిందనుకుని వెళ్ళిపోతాడు. ప్రేక్షకులు నవ్వుతారు. ఆ నవ్వులో మోసపోయినవాడి మీద జాలి కూడా కాస్త కలిసేలా ఉంది రచన.

అతని దావా కూడా అంత తేలిగ్గా కొట్టేసేది కాదు. పన్నెండేళ్ళు అరణ్యవాసం, ఒక ఏడు అజ్ఞాతవాసం. గడువు లోపల బయటపడితే మళ్ళీ అడవికి. ఉత్తర గోగ్రహణం నాడు అర్జునుడు బయటపడ్డాడు, గడువు తీరలేదని దుర్యోధనుడి పక్షం. భీష్ముడు ఐదేళ్ళకు రెండేసి అధికమాసాలు లెక్కగట్టి, తీరడమే కాదు, పైన ఐదు నెలల పన్నెండు రోజులు గడిచాయని తేల్చాడు. భీష్ముడి లెక్క భీష్ముడిది. పంచాంగం ఏది పట్టుకుంటే తీర్పు అటు తిరిగే వ్యవహారం అది. దాయాదుల భూమి తగువులో రెండు పక్షాల వకీళ్ళూ కాగితాలు చూపించగలిగినట్టే ఉంటుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి, నీళ్ళొచ్చి, ఎకరం విలువ పెరిగి, అన్నదమ్ములు గట్ల కోసం కోర్టులెక్కిన సీమ ఇది. ఐదూళ్ళు కాదు, సూదిమొన మోపినంత కూడా ఇవ్వనన్న మనిషిని ఇక్కడి ప్రేక్షకుడు రాక్షసుడిగా చూడలేదనుకుంటాను. అలాంటివాడు అతనికి ఎక్కడో ఒకచోట చుట్టరికమే.

రాయబారం అసలు ఘట్టం. అర్ధరాత్రి దాటాక, హార్మోనియం పెట్టె శ్రుతి సరిచూసుకుని, కృష్ణుడు కౌరవసభలో అడుగుపెడతాడు. మొదట వేసే సంధి పద్యంలోనే కవులు ఒక రాజీ మాట పెట్టారు. పాండవులు మీరు చేసిన అపకారాలు ఓర్చుకున్నారు, చేతనై ఓర్చారో చేతకాక ఓర్చారో, పోనీయండి, అదంతా గతం అంటాడు. తన పక్షం అశక్తత కావచ్చని తనే ఒప్పుకుంటున్నాడు. ఎదుటివాడి అహం చల్లబడాలంటే ముందు కొంత వదులుకోవాలని తెలిసినవాడి మాట అది. ఆ వెంటనే నీ పిల్లాపాపలూ ప్రజలూ బాగుండాలంటే సంధి, లేదా రేపే యుద్ధం, ఏదో తేల్చి చెప్పమంటాడు. నాలుగు పాదాల్లో మెత్తన, కఠినం, మళ్ళీ మర్యాద. చివర పిలుపు కౌరవులకు ప్రభువనే.

ధర్మరాజు కోపం గురించిన చంపకమాలను తెలుగువాళ్ళు నిద్రలో కూడా చదువుతారు. అలగడమే తెలియనివాడు అలిగితే సముద్రాలన్నీ ఏకమవుతాయని, కర్ణులు పదివేలమందైనా నిలవరని దాని సారాంశం. అందరూ మెచ్చుకునేది ఆ ధాటిని. నేను ఆగేది రెండో పాదం చివర. ఈ పద్యానికి ప్రాసాక్షరం ‘ల’. ప్రతి పాదంలో రెండో అక్షరం ‘ల’ కావాలి. కవులు కర్ణుల పేరును రెండో పాదం చివర మొదలుపెట్టి, మొదటి అక్షరం అక్కడే వదిలేసి, మిగిలిన ముక్కను మూడో పాదం మొదట్లో పడేశారు. ప్రాస కుదిరింది. దానితోపాటు దుర్యోధనుడు ఎవణ్ణి చూసుకుని ఇంత ధీమాగా ఉన్నాడో వాడి పేరు సరిగ్గా నడుమకు విరిగింది. పాదాంతంలో మాట విరగడం పద్యానికి మామూలే, అందులో కొత్తేమీ లేదనేవాళ్ళుంటారు. ఉండనివ్వండి. విరిగింది ఇంకెవరి పేరూ కాదు, కర్ణుడి పేరు. నాలుగో పాదానికొచ్చేసరికి బెదిరింపు మొత్తం ప్రార్థనగా తిరుగుతుంది. రాజరాజా, నా మాట నమ్ము, లోకాన్ని కాపాడు అంటాడు. బతిమాలే నోటితోనే భయపెట్టడం, భయపెట్టిన నోటితోనే బతిమాలడం. ఈ కృష్ణుడు శాంతి కోరుతున్నాడా, యుద్ధానికి లైసెన్సు తీసుకుంటున్నాడా? కవులు చెప్పరు.

జెండా మీది కపిరాజు పద్యం శార్దూలం. దాని నడక వేరు. చూపు రథం పైకొస నుంచి మొదలవుతుంది. ముందు జెండా, దాని మీద కోతి, కిందికొస్తే తెల్లగుర్రాలు, వాటివెనక కొరడా పట్టుకుని తోలుతున్న నేను, నా వెనక గాండీవం లాగుతున్న అర్జునుడు. ఆ తర్వాత చెల్లాచెదురవుతున్న మూక. ఆ అల్లకల్లోలంలో నీ మొర వినేవాడు ఒక్కడూ ఉండడంటాడు. వాక్యం ఎక్కడా తెగదు, చివర్లో గానీ ఊపిరి తీసుకోనివ్వదు. వినేవాడుండడు అని ఎవరికి చెబుతున్నాడు? ఇప్పుడు వినకుండా కూర్చున్నవాడికి.

ఆ వినేవాడి గురించి మన రంగస్థల విమర్శ తక్కువ రాసింది. కృష్ణుడి వేషం కట్టిన పీసపాటి నరసింహమూర్తి మాట స్పష్టతా, షణ్ముఖి ఆంజనేయరాజు గొంతూ గురించి పేజీలున్నాయి. వన్స్‌మోర్‌లన్నీ కృష్ణుడికే. దుర్యోధనుడికి పద్యాలుంటాయి, వాటిని గట్టిగానే పాడతాడు. కానీ రాయబారంలో అతని పెద్ద పని సింహాసనం మీద కూర్చుని వినడం. ఎదుటివాడు ఒక్కో పద్యానికి నిమిషాల తరబడి రాగం తీస్తుంటే, రెండోసారి మూడోసారి పాడుతుంటే, ముఖం ఏం చెయ్యాలి? చవకబారు నటుడు మీసం మెలేస్తాడు, గద అటూ ఇటూ మారుస్తాడు. మంచి నటుడు కర్ణుడి పేరు రాగానే ఒక్కసారి కర్ణుడి వైపు చూసి, చూశానని తెలియకుండా తల తిప్పుకుంటాడు. భీష్ముడి వైపు మాత్రం చూడడు. దుర్యోధన పాత్రకు మాధవపెద్ది వెంకట్రామయ్య పేరు పాతతరం ఇప్పటికీ తలుచుకుంటుంది. ధూళిపాళ స్టేజీ మీద ఆ వేషంతోనే పేరు తెచ్చుకుని, 1962లో భీష్మ సినిమాలో కూడా దుర్యోధనుడిగానే తెరకెక్కారు. ఆయన కళ్ళూ కనుబొమలూ ఆ వేషానికి ఎంత పనిచేశాయో సినిమా చూసినవాళ్ళకు తెలుసు.

ఇక్కడ రష్యావాళ్ళను తలుచుకోకుండా ఉండలేను. ముసోర్గ్‌స్కీ ఆపెరా బోరిస్ గొదునోవ్ 1874లో పీటర్స్‌బర్గ్ మారీన్‌స్కీ థియేటర్లో తొలిసారి ప్రదర్శించారు. కథ పుష్కిన్ నాటకం నుంచి తీసుకున్నది. బోరిస్ 1598 నుంచి 1605 దాకా నిజంగా ఏలిన జారు. 1591లో ఊగ్లిచ్‌లో పసివాడైన యువరాజు ద్మీత్రీ చనిపోయాడు. చంపించింది బోరిసే అని ఆపెరా, అవునో కాదో ఇప్పటికీ చరిత్రకారుల మధ్య వాదన. బిడ్డను చంపినవాణ్ణి చూసి ప్రేక్షకుడు అసహ్యించుకోవాలి కదా. గడియారం గదిలో చచ్చిన పసివాడి నీడ చూసి అతను వణికిపోతుంటే, చివర కొడుకును దగ్గరకు తీసుకుని చనిపోతుంటే మన గొంతులోనే ఏదో అడ్డుపడుతుంది. అతని మీదికి న్యాయం కోసమని దండెత్తి వచ్చేవాడు చచ్చిన యువరాజు పేరు పెట్టుకున్న దొంగసన్యాసి. సలహాదారు షూయ్‌స్కీ నమ్మకద్రోహి. పోలీసు కర్ర చూపించి ఏడవమంటే ఏడ్చే జనం. ఎవడి పక్షాన నిలబడాలో తెలీని రంగం అది. తిరుపతిశాస్త్రి కంటే ఒక్క ఏడు చిన్నవాడైన గాయకుడు షల్యాపిన్ ఈ పాత్ర వేస్తూ కొన్నిచోట్ల పాట మాని దాదాపు మాట్లాడేసేవాడు. మన పద్యనటుడు సరిగ్గా దానికి ఎదురు. మాట్లాడాల్సినచోట కూడా రాగం అందుకుంటాడు. కిరీటం బరువు చూపించడానికి రెండు దారులూ పనికొచ్చాయి.

తేడా కూడా ఉంది, చిన్నది కాదు. బోరిస్‌కు పశ్చాత్తాపం ఉంది, అందుకే జాలి. దుర్యోధనుడికి అది మచ్చుకైనా లేదు. పశ్చాత్తాపం లేనివాడి మీద అభిమానం పుట్టించడం మరింత కష్టమని నా ఉద్దేశం. తిరుపతి వేంకట కవులు దానికి వాడిన పనిముట్లు రెండే. ఒకటి, వాణ్ణి ఎదుటిపక్షం ఎప్పుడూ అల్పుడిగా పలకరించదు. బావ అనో, రాజరాజు అనో, కురునాథుడనో పిలుస్తారు. రెండోది, కృష్ణుడంతటివాడు ఇన్ని పద్యాలు ఖర్చుపెట్టి ఒప్పించాల్సిన మనిషిగా నిలబెట్టడం. సులువుగా లొంగేవాడైతే అంత శ్రమ దేనికి?

పాండవవిజయం మొత్తం ఈ స్థాయిలో లేదు. యుద్ధఘట్టాలు చాలాచోట్ల ఒకదాని వెంట ఒకటి పరిగెడతాయి. మడుగు సీను దగ్గర మళ్ళీ రచన నిలదొక్కుకుంటుంది. పదకొండు అక్షౌహిణులు పోయాక ఒంటరిగా నీళ్ళలో దాక్కున్న రాజును పాండవులు గట్టు మీద నిలబడి దెప్పుతారు. అతను బయటికి వస్తాడు. భారతంలో ధర్మరాజు అక్కడ ఒక తెలివితక్కువ పందెం కాస్తాడు. మాలో ఒక్కణ్ణి ఓడించు, రాజ్యం నీదే అని. కృష్ణుడు తల పట్టుకుంటాడు. దుర్యోధనుడు నకులుణ్ణో సహదేవుణ్ణో కోరుకుని ఉంటే పద్దెనిమిది రోజుల యుద్ధం ఒక్క గదదెబ్బతో తలకిందులయ్యేది. అతను అలా కోరుకోలేదు. జూదంలో పాచికలకు అడ్డురాని మనస్సాక్షి ఇక్కడ ఎందుకు అడ్డొచ్చిందో అతనికే తెలియాలి. ఆ పైన తొడ మీద భీముడి దెబ్బ. నాభికి కింద కొట్టకూడదన్న నియమం తెలిసి కొట్టినది. బలరాముడు మండిపడ్డాడు. పడిపోయినవాడు కృష్ణుణ్ణి దుమ్మెత్తిపోసి, చదివాను, దానాలు చేశాను, ఏలాను, యుద్ధంలో చస్తున్నాను, నాకేం లోటని అడిగితే ఆకాశం నుంచి పూలు కురిశాయని వ్యాసుడే రాశాడు. పూలు పడ్డది నెగ్గినవాళ్ళ మీద కాదు.

1977 సంక్రాంతికి వచ్చిన దానవీరశూర కర్ణలో ఎన్టీఆర్ కృష్ణుడూ కర్ణుడూ దుర్యోధనుడూ తనే అయి, కొండవీటి వెంకటకవి మాటలతో దుర్యోధనుడి తరఫున బాహాటంగా వాదించాడు. పద్యాలకు మళ్ళీ తిరుపతి వేంకట కవుల దగ్గరికే వెళ్ళారు. ఆ మాటలు నాకూ కంఠతా వచ్చు. అయినా వాదించి గెలిపించిన దుర్యోధనుడి కంటే, వాదించకుండా నిలబెట్టిన దుర్యోధనుడే నాకు పెద్దవాడుగా కనిపిస్తాడు. సినిమాలో అతను కథానాయకుడైపోయాడు. నాటకంలో ప్రతినాయకుడిగానే ఉంటూ మనల్ని ఇబ్బందిపెడతాడు.

మళ్ళీ గదాయుద్ధం దగ్గరికొస్తే, తొడ చరిచే సైగ రంగస్థలం మీద నటులకు పెద్ద చిక్కు. రాత్రంతా సంధి పద్యాలు పాడిన కృష్ణుడి వేషమే ఇప్పుడు భీముడికి తొడ చూపించాలి. కురుక్షేత్రంలో కృష్ణులు ఒకటి, రెండు, మూడు అని ఉంటారు కాబట్టి పడకసీను కృష్ణుడు, రాయబారం కృష్ణుడు వేషం విప్పి టీ తాగుతుంటారు, ఆ సైగ చేసే పని మూడోవాడి మీద పడుతుంది. నేను ఈ పద్ధతికి పూర్తిగా వ్యతిరేకిని. శాంతి కోరిన చెయ్యే తొడ చరవాలి. ఒకే నటుడు చేస్తేనే ఆ పాత్ర రెండు ముఖాలూ ఒక్క ఒంటిమీద కనిపిస్తాయి. ఇక పోటీల్లో టైము సరిపోదని, పల్లెల్లో తెల్లవారిపోతోందని రాయబారంతోనే తెర దించేస్తున్నారు. అలా దించితే దుర్యోధనుడు మంచిమాట వినని మొండివాడిగా మిగిలిపోతాడు. నిర్వాహకులు పద్యానికి మూడో వన్స్‌మోర్ మానేసినా చాలు, గదాయుద్ధానికి కావలసిన అరగంట దొరుకుతుంది.